చెల్లెలికి కొట్టించిన రోలు

మా అమ్మ వచ్చేసరికి చెల్లెలి రోలుకు అభిషేకం జరుగుతోంది.

ఆ రోజు కార్తీక సోమవారం. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మాది చర్చికి పోయే కుటుంబం. ఆదివారం ప్రార్థన మానుకుని ఊరికి పోవడం ఇష్టం లేక అమ్మ సోమవారం ప్రయాణం పెట్టుకుంది. పొద్దున్నే నేనూ అమ్మా నంద్యాలలో బస్సెక్కి, ఆళ్లగడ్డలో దిగి, ఎండలో నడుచుకుంటూ చెల్లెలు అద్దెకున్న ఇంటికి వచ్చాం. గది ముందు వసారాలో రోలు ఉంది. రోట్లో పొత్రం నిటారుగా నిలబడి ఉంది. పొత్రానికి మూడు విభూతి రేఖలు, నెత్తిన తుమ్మిపూలు. ఇల్లుగల అవ్వ రాగిచెంబుతో నీళ్లు పోస్తోంది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు చేతులు జోడించి ఉన్నారు. చెల్లెలు తలుపు పక్కన నిలబడి నా వైపు చూసింది. నేను చూపు తప్పించుకున్నాను.

అమ్మ సంచి కింద పెట్టి, పూజ ముగిసేదాకా మర్యాదగా ఆగింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"ఏందిరా ఇది?"

"రోలమ్మా."

"రోలని నాకు తెల్దా? నువ్వు పాపకు ఇచ్చిన కానుక ఇదేనా అని అడుగుతాండా."

ఇదేనని ఒప్పుకున్నాను.

ఇంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. అది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు. నేను నంద్యాలలో ఒక దినపత్రికకు విలేకరిని. చెల్లెలు టీచరు ట్రైనింగు ముగించగానే ఆళ్లగడ్డ పిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. ఆమెకు వంట రాదు. చదువుకునే పిల్లకు పొగ ఎందుకని అమ్మే ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఉద్యోగం వచ్చాక ఆ అమ్మే, వంట రాని పిల్లను పరాయి ఊరికి ఎలా పంపేదని కూర్చుంది. మూడు రోజులు ఇంట్లో ఇదే మాట. చివరికి ఒక షరతు పెట్టింది. మూడు నెలలకు తాను ఆళ్లగడ్డకు వస్తుంది. చెల్లెలు తన ఇంట్లో, తన చేత్తో చేసిన భోజనం పెట్టాలి. సంగటి, పప్పు, ఊరుబిండి, అంతే. రోట్లో నూరే పచ్చడిని మా వైపు ఊరుబిండి అంటారు. అది తినేటట్టు ఉంటే ఉద్యోగం చేసుకోవచ్చు. లేకపోతే రాజీనామా రాసిచ్చి అమ్మ వెంట అదే రోజు బస్సెక్కాలి.

షరతు పెట్టినావిడ సామాను మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. గరిటె ఇచ్చినా ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమె వాదన. కాబట్టి వంట నేర్చుకునే మనిషికి పనికొచ్చే కానుకలు ఎంచే బాధ్యత నా మీద పడింది.

నాకు ఆ విషయంలో ఏమీ తెలియదు. తెలియనప్పుడు పదిమందిని అడగడం నా వృత్తి. ఆ పదిమందిలో అందరికంటే గట్టిగా మాట్లాడినవాడి మాటే రాసేయడం ఆ వృత్తిలో నేను చేసే తప్పు. నంద్యాల బస్టాండు దగ్గర హోటలు వంటమాస్టరు చాలా గట్టిగా మాట్లాడేవాడు. మంచి గరిటె చేతికొస్తే సగం వంట వచ్చినట్టేనని, తన గరిటె చూపించాడు. నేను అచ్చం అలాంటిదే కొని పంపాను. ఆయన రోజూ రెండొందల మందికి వండుతాడన్న సంగతి నాకు తట్టలేదు. వారం తర్వాత చెల్లెలు ఉత్తరం రాసింది. గరిటె బాగుందట, కానీ దాంతో కలబెట్టాలంటే గది తలుపు తెరిచి పెట్టుకోవాల్సి వస్తోందట.

రెండో కానుక ఇత్తడి గిన్నె. లోపల కళాయి పూయించి ఇమ్మంటారా అని అంగడాయన అడిగాడు. లోపలి మెరుపు పోతుందని నేనే వద్దన్నాను. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసని తర్వాత తెలిసింది. చెల్లెలు అందులో చింతపండు వేసి పప్పు చేసింది. పప్పు ఆకుపచ్చగా తిరిగింది. అదంతా పారబోసి ఆ రోజు ఉపవాసంతో బడికి పోయింది. కళాయివాడు ఆ వీధికి వచ్చేదాకా గిన్నె గోడవారగా బోర్లించే ఉంది.

రెండు కానుకలు ఇలా అయ్యాక మూడోదానిలో పొరపాటు జరగకూడదని గట్టిగా అనుకున్నాను. ఊరుబిండికి రోలు కావాలి. రోడ్డు పక్కన రోళ్లు కొట్టి అమ్మేవాళ్లు నంద్యాలలోనూ ఉన్నారు. కానీ ఆళ్లగడ్డలో రాతి శిల్పులు ఉన్నారు కదా. గుడులకు విగ్రహాలు చెక్కే చేతులతో రోలు కొట్టిస్తే దానికి తిరుగుండదని నాకు తోచింది. ఒక వార్త పని మీద అటు పోయినప్పుడు ఒక పెద్ద శిల్పిని అడిగాను. ఆయన ఉలి కింద పెట్టకుండానే జవాబిచ్చాడు.

"రోళ్లు కొట్టేటోళ్లు వేరే ఉండారప్పా. మా చేతిలో దేవుళ్లే వస్తారు."

దేవుణ్ణే చెక్కేవాడికి రోలు ఒక లెక్కా అని నేను పట్టుబట్టాను. ఏదో పీఠం కోసం తెచ్చి మిగిలిపోయిన నల్లరాయి ఆయన దగ్గర ఉంది. నన్ను కాదనలేక సరే అన్నాడు. అంతటితో ఊరుకోకుండా నేను కొన్ని మెరుగులు చెప్పాను. అడుగు మొరటుగా ఉండకూడదు. కడిగిన నీళ్లు బయటికి పోయేటట్టు ఒక పక్క ముక్కు పెట్టాలి. పచ్చట్లో రాతిపొడి రాలకుండా లోపలంతా నున్నగా తీయాలి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఇప్పటికీ తెలివైన సలహాలే అనిపిస్తాయి. శిల్పి అప్పుడు ఉలి కింద పెట్టాడు.

"నువ్వు చెప్పినట్టే కొడతా. మళ్లా నన్ను అనొద్దు," అన్నాడు.

పదిహేను రోజులకు ఎద్దులబండిలో రోలు చెల్లెలి ఇంటికి చేరింది. చుట్టూ తామర రేకులున్న పీఠం, దాని మీద గుండ్రటి రోలు, ఒక పక్కకు పొడుచుకొచ్చిన ముక్కు, మధ్యలో అద్దంలా మెరిసే నల్లటి పొత్రం. ఇల్లుగల అవ్వ పాతకాలపు రైతు ఇంటి మనిషి, సోమవారాలు ఒంటిపూట ఉంటుంది. బండి దగ్గరికి వచ్చి, ఏ దేవుడమ్మా వచ్చినాడు అని అడిగింది. రోలు అవ్వా అని చెల్లెలు చెప్పింది. పరాయి మతం పిల్ల, తెలియక అంటోందని అవ్వ సర్దుకుంది. బండివాళ్లు దించేటప్పుడు దగ్గరుండి, శివలింగం పానవట్టంలాగే ముక్కు ఉత్తరానికి ఉండేటట్టు తిప్పించింది.

ఆ సాయంత్రమే చెల్లెలు అందులో బిండి నూరబోయింది. నున్నటి రాతి మీద మిరపకాయలు నలగకుండా పొత్రం చుట్టూ తిరిగాయి. శనక్కాయ విత్తనాలు ఒక్కొక్కటే ముక్కులోంచి కింద పడ్డాయి. తెల్లవారి లేచి చూస్తే పొత్రం మీద పువ్వు ఉంది. మిరపకాయల సంగతి తెలిసి అవ్వ ఆ రోజు రెండు చెంబులు ఎక్కువ పోసింది. బడిలో చెల్లెలి ఎదుట కూర్చునే పిల్లల్లో ఇద్దరు అవ్వ మనవళ్లే. గట్టిగా కాదనడానికి చెల్లెలికి నోరు రాలేదు. అప్పటినుంచి అవ్వ వంటింట్లోకి పోయి, అవ్వ రోట్లోనే నూరుకునేది. సంగటి గెలకడం, పప్పు ఎనపడం కూడా అవ్వే నేర్పింది. ఇదంతా నాకు ఉత్తరాల్లో తెలుస్తూనే ఉంది. ఈ ఒక్క వార్తను మాత్రం నేను ఇంట్లో ఎవరికీ చేరవేయలేదు.

అభిషేకం అయ్యి ఆడవాళ్లు వెళ్లిపోయాక ముగ్గురం లోపల కూర్చున్నాం. అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మామూలు కంటే కొంచెం పొడుగ్గానే చేసింది. చెల్లెలు వడ్డించింది. అమ్మ దృష్టి మళ్లించడానికి నేను ఏదో ఊరి కబురు మొదలుపెట్టాను. అమ్మ నన్ను నోరు మూసుకోమంది. సంగటి ముద్ద మొత్తం తిని ఇంకో సగం వేయించుకుంది. పప్పు గురించి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే బాగున్నట్టు. బిండి నాలుక మీద పెట్టుకుని ఆగింది.

"ఇది యాడ నూరినావ్?"

"అవ్వ రోట్లో," అంది చెల్లెలు.

"ఎవరు నూరినారు?"

"నేనేమ్మా."

"నీ ఇంట్లో చేసి పెట్టమని కదా మాట."

తలుపు అవతల వింటున్న అవ్వ ఆగలేక లోపలికి వచ్చింది. పిల్ల బంగారమని, బిండి తనకన్నా బాగా నూరుతుందని చెప్పింది.

"అయితే బయట ఉండే దాంట్లో నూరమను. ఈడ్నే కూసోని తింటా," అంది అమ్మ.

"దేవుని మీద మిరపకాయలు నూరేదేందమ్మా?"

"అది మా పాప రోలు."

"రోలేలే, నేను కాదన్లా. ఒగసారి దండం పెట్టినాక, ఇంగ దిగి పొమ్మంటే పోతాడా?"

ఒకరి ప్రార్థన మధ్యలో ఇంకొకరు వేలు పెట్టకూడదని మాకు చిన్నప్పటినుంచి చెప్పింది అమ్మే. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెల్లెలితో అంది.

"సరే. నేనూ తొందరపడను. నీ రోట్లో నువ్వు నూరింది తిన్నాకనే నా మాట చెప్తా. అందాకా ఉండు."

నేను వేరే రోలు కొనిస్తానన్నాను. ముగ్గురూ ఒక్కసారే నా వైపు తిరిగారు.

"నువ్వు ఇంగ ఏమీ కొనొద్దు," అంది అమ్మ. ఆ రోజు ఆ గదిలో అందరికీ నచ్చిన మాట అదొక్కటే.

అమ్మ నియమం ప్రకారం చెల్లెలు పరీక్ష తప్పలేదు, నెగ్గలేదు. రాజీనామా రాయలేదు, అనుమతీ దొరకలేదు. మొదటి ఏడంతా బట్టల పెట్టె సగం సర్దే ఉంచుకునేది. నెలకో, రెండు నెలలకో అమ్మ విచారణకని బస్సెక్కేది. పోయి అవ్వతో అరుగు మీద కూర్చుని, తమ తమ దేవుళ్ల ఊసు ఎత్తకుండా, మిగిలిన ఊరందరి ఊసూ మాట్లాడుకునేవాళ్లు. మధ్యాహ్నం చెల్లెలు వండింది తినేది. ఎన్నోసారో గాని ఒకసారి బిండి ఇంటికి కూడా కట్టించుకుని వచ్చింది. తిరుగు బస్సులో నేను మెల్లగా కదిపితే, చూస్తాంలేరా అనేది.

1960లో చెల్లెలికి ప్యాపిలికి బదిలీ అయింది. రోలును కదిలించడానికి అవ్వ ఒప్పుకోలేదు, మేమూ అడగలేదు. కొత్త ఊరికి పోవచ్చునా అని చెల్లెలు అమ్మను అడిగింది. ఆళ్లగడ్డ సంగతే ఇంకా తేలలేదు, ప్యాపిలి సంగతి ఎట్లా చెప్పేదని అమ్మ అంది. చెల్లెలు ఆ సోమవారం పోయి ప్యాపిలి బడిలో చేరింది. అమ్మ ఏమీ అనలేదు.