గాలి మీదికి నెట్టిన తప్పు

ఇరాక్‌తో యుద్ధం ఆగిన కొత్తలో మా కంపెనీ నన్ను సౌదీలోని ఖఫ్జీ దగ్గరి సైనిక శిబిరానికి పంపింది. నేను వడ్రంగిని. ఆ మాటలో రంగు ఉంది కానీ నాకు రంగులేయడం రాదు. అందుకే సమాధులకని నేను కోసిన చెక్కల మీద అంకెలు ఫాదర్ వేశాడు. ఫాదరంటే విదేశీ సైన్యంతో వచ్చిన పాదిరీ. ఊళ్ళోకి వెళ్ళాల్సి వస్తే కాలరు మీది సిలువ తీసి జేబులో వేసుకునేవాడు. ఆయనకు తోడు సౌదీ సైన్యపు ఇమాం. హడావిడిగా పూడ్చేసిన ఇరాకీ సైనికులను మర్యాదగా మళ్ళీ ఖననం చేయాలని ఇద్దరూ పట్టుబట్టారు. శత్రువైనా ఎవరో ఒకరి కొడుకే, రేపు వెతుక్కుంటూ వస్తే చూపించాలి కదా అని.

మొత్తం పన్నెండు మంది. ఎవరి దగ్గర ఏ వస్తువు దొరికిందో ఒక్కో అంకె కింద ఇమాం పుస్తకంలో రాసుకున్నాడు. గుంత పూడ్చగానే ఆయన అంకె పిలుస్తాడు, నేను వెళ్ళి ఆ చెక్కను తలవైపు పాతాలి. నా పని అంతే.

ముందురోజు ఈ సంగతి చెబితే, నాతో గదిలో ఉండే నిజామాబాదు మేస్త్రీ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పీనుగుల కాడికి పోతవా బావా? మరి తానం ఎట్ల జేస్తవ్? నీళ్ల ట్యాంకరు మళ్ల శుక్రారమే వస్తది."

"దూరంకెళ్లే పాతి వస్త తియ్."

"దూరంకెళ్లి పాతనీకి అదేమన్న బరిసెనా? మైలతోని వస్తే మాత్రం నీ మంచం తీస్కపోయి ఇసుకల ఏస్త."

నవ్వాను. కానీ మైల నాకు నవ్వులాట కాదు. వీధిలో శవం వెళ్తుంటే తలుపులు మూసుకునే ఇల్లు మాది. మర్నాడు ఇమాం "నజ్జార్!" అని పిలిచాడు. అరబ్బీలో వడ్రంగి అని. తెల్లగుడ్డలో చుట్టిన మనిషిని చూశాను. పాతాల్సింది చెక్కలను, పాతుకుపోయింది నా కాళ్ళు.

"రంగు ఆరలేదు సాబ్, పొద్దున పాతేస్తా" అన్నాను ఉర్దూలో. ఇమాంకి ఆ భాష కొంత వచ్చు. ఆ ఎండకి నా నోరే ఆరిపోయింది, ఇక రంగెంత? అయినా ఆయన నమ్మాడు.

మర్నాడు ఒక్కణ్నే వెళ్ళాను. లారీల్లో వచ్చినవాళ్ళను వచ్చినట్టే పూడ్చారు కనుక అంకెలు వరుసగా లేవు. దూరం నుంచి చూసినంతలో మొదటి నాలుగు అంకెలూ చివరి నాలుగు అంకెలూ ఏ సమాధులవో గుర్తున్నాయి. అయిదు నుంచి ఎనిమిది దాకా ఏది ఎక్కడో తెలియలేదు. ఇమాంని అడగొచ్చు. అడిగితే, నిన్న నువ్వెక్కడున్నావంటాడు. తోచినట్టు పాతేశాను. చూడ్డానికి మాత్రం తీగ పట్టినట్టు తిన్నగా వచ్చాయి. పనితనం మెచ్చుకుని ఫాదర్ భుజం తట్టాడు కూడా.

ఎండలు ముదిరాక ఇమాం ఒక పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఇరాక్ నుంచి పారిపోయి వచ్చి శరణార్థుల శిబిరంలో ఉంటున్నాడట. పుస్తకంలో ఆరో అంకె కింద రాసిన జపమాల ఆయన కొడుకుది. జీపు దిగడానికి ఇమాం చెయ్యి అందిస్తే, ఆ యూనిఫాం చూసి ఆయన పట్టుకోలేదు. ఆరో చెక్క దగ్గరికి చేరాక మాత్రం ఇద్దరూ పక్కపక్కన నిలబడి చేతులు చాచి ప్రార్థన చదివారు. ఫాదర్ ఒక అడుగు వెనక తల వంచుకున్నాడు. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అక్కడిదాకా రాగలిగారు. నేను ఆ రోజు ఇరవై అడుగులు వేయలేకపోయాను.

పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకను నిమరసాగాడు. జ్వరమొచ్చిన పిల్లవాడి వీపు నిమిరినట్టు. ఇక నావల్ల కాలేదు.

"సాబ్, అక్కడుంది ఆయన కొడుకు కాకపోవచ్చు."

"క్యా?"

"అయిదు నుంచి ఎనిమిది దాకా చెక్కలు తారుమారయ్యాయి."

"ఎలా అయ్యాయి, నజ్జార్?"

నిజం నాలుక మీదే ఉంది. నీ కొడుకు దగ్గరికి వస్తే మైల అంటుతుందని రాలేదు. దీన్ని ఆ తండ్రి ముందు ఏ భాషలో చెప్పాలి?

"గాలికి పడిపోయాయి సాబ్. మళ్ళీ పాతేటప్పుడు..."

ఇమాం ఆయనకు అరబ్బీలో చెప్పాడు. 'రీహ్' అన్న మాట నాకు తెలుసు, గాలి. ఫాదర్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. ఫాదర్ నా వైపు తిరిగి, ఇందులో నీ తప్పేమీ లేదన్నాడు. క్షమాపణ దొరికింది, గాలికి.

పెద్దాయన మెల్లగా లేచాడు. మిగిలిన మూడు సమాధుల దగ్గరా కూర్చున్నాడు. ప్రతిచోటా అదే ప్రార్థన, అంతే సేపు. చివరిసారి లేవలేక నా చెయ్యి పట్టుకున్నాడు. "మాలేష్, యా వలదీ" అన్నాడు. ఫరవాలేదు నాయనా, అని.

ఫరవాలేదంటూనే చుట్టూ చూసి, ఒక రాయి ఏరుకొచ్చి చెక్క మొదట్లో నొక్కిపెట్టాడు. పక్కన ఇంకొకటి. ఏం చేస్తున్నాడని నేను అడగకముందే ఇమాం చెప్పాడు.

"ఇంకో తండ్రి వచ్చేసరికి పడిపోకూడదంటున్నాడు."

ఆ రోజు చొక్కా అంచు కదిలేంత గాలి కూడా లేదు. ఆయన ఒక్కో చెక్క దగ్గరా వంగి పన్నెండింటికీ రాళ్ళు పేర్చుకుంటూ పోయాడు. నేను వెనకే నడుస్తూ, రాళ్ళు ఏరి ఆయన చేతికి అందించాను.