బాలన్నతో కసరత్తు చేయించిన మనిషి

శవాన్ని కోసి కండరాల పేర్లు బట్టీ పట్టినదాన్ని. దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. నమ్మకం ఏనాడూ లేదు.

నాలుగున్నరేళ్లు ఫిజియోథెరపీ చదివి వనపర్తిలో చిన్న క్లినిక్ పెట్టాను. సూది వేయను, గోళీ ఇవ్వను కాబట్టి మాలిష్ చేసేదాన్ని అనుకుని చాలామంది వెనక్కి పోయేవాళ్లు.

అప్పుడే పెద్దమందడిలో బాలన్న అనే రైతుకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మంగళ, శుక్రవారాల్లో స్కూటీ మీద వెళ్లేదాన్ని. కసరత్తులు రోజూ చేయకపోతే చెయ్యి అలాగే బిగుసుకుపోతుందని బతిమాలేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. నేను గడప దాటగానే అన్నీ బంద్.

మూడో వారం వెళ్లేసరికి చెయ్యి లేస్తోంది. నేను ఆశ్చర్యపోయి కోడలు సుజాతను అడిగాను. ఆమె చెప్పడానికి సిగ్గుపడింది.

"పొద్దుందాక చేస్తనే ఉన్నడు మేడం. మా అత్తమ్మ పక్కన కూసోని లెక్కవెడ్తదంట."

ఆ అత్తమ్మ, అంటే బాలన్న భార్య, పోయి రెండేళ్లయింది.

బాలన్న మాత్రం విసుగ్గా అన్నాడు. "పదిసార్లకు తొమ్మిదే చేసి ఆపితే ఊకుంటదా? మళ్ల ఒకట్నుంచి చేయిస్తది."

మెదడు దెబ్బతింటే లేనివాళ్లు కనిపించడం మామూలే అని సర్దిచెప్పుకున్నాను. పెద్ద డాక్టరుకు చూపించమన్నాను. ఆయన పరీక్షించి, పర్వాలేదన్నాడట. నిజం చెప్పాలంటే నాకు ఆవిడ మీద అసూయ కలిగింది. నా మాటకు ఏ పేషెంటూ అంత భయపడలేదు.

ఒక గురువారం క్లినిక్‌లో కూర్చుని, మర్నాడు నేర్పాల్సిన కొత్త కసరత్తు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బొటనవేలు, చిటికెనవేలు కలిపి పల్లికాయలు ఒక్కొక్కటే తీసి చెంబులో వేయాలి. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం వెళ్లేసరికి బాలన్న ముందు పళ్లెంలో పల్లికాయలు ఉన్నాయి. చెంబు సగం నిండింది. పొద్దున్నే అడిగి తెప్పించుకున్నాడని సుజాత చెప్పింది.

"సిటికెనవేలుతోని పట్టుడు శాన కష్టమున్నది బిడ్డా," అన్నాడాయన. "గిసుంటివి మా ఇంటిదానికి చెప్పకు."

నోట్‌బుక్ నా సంచిలోనే ఉంది. తీసి ఆ పేజీ మళ్లీ చదివాను.

నాలుగు నెలలకు బాలన్న కర్ర పట్టుకుని రోడ్డు దాకా నడిచాడు. ఆఖరి రోజు నేను స్కూటీ ఎక్కుతుంటే పిలిచాడు.

"నీకు గూడ ఒక మాట చెప్పమన్నది బిడ్డా. ఎనిమిది దినాల సంది నీ నడుముకు నువ్వు కసరత్తు చేసుకుంటలేవంట."

ఆ ఏడాది నాకు నడుము నొప్పి. ఫిజియోథెరపిస్టుకే నడుము నొప్పంటే ఎవరొస్తారని ఇంట్లో కూడా దాచాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మానేసి సరిగ్గా ఎనిమిది రోజులే.

ఆమెకు ఎలా తెలిసిందో, అసలు ఆమె ఉందో లేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికి వెళ్లగానే, చెప్పులు విప్పి, చాప పరిచాను.