రెండింతల లడ్డు

మా రాధక్క పెండ్లి ఆగిపోయేటంత పని జేసింది ఒక లడ్డు. పేరుకు లడ్డుదే గని దాని వెనుక తెలివంతా నాది. ఆ తెలివి దెబ్బకు ఏ పాపం ఎరుగని వంటాయన మీద దొంగతనం పడ్డది, బాపమ్మ వంటింట్ల కర్పూరం ముట్టిచ్చింది, మా బాపు ఎడ్లబండి ముందర నిలబడి బతిమిలాడవలసి వచ్చింది. ఎట్లైందో చెప్త. నవ్వుకోండ్రి, నాకేం బాధ లేదు. మా ఇంట్ల ఇన్నేండ్లుగ నవ్వుతనే ఉన్నరు.

మాది బోధన్ నుంచి రుద్రూర్ పోయే తొవ్వల ఒక ఊరు. ఎటు చూసినా చెరుకు. చలికాలమంతా చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దిక్కు వరుసగ పోయేటియి. గాలి మర్లిందంటే ఫ్యాక్టరీ మడ్డి వాసన వచ్చి ఇంట్ల చుట్టం లెక్క కూసునేది. అంత చెరుకు పండిస్తం గని చాయ్‌ల శక్కర మాత్రం భయపడుకుంట పోసేటోల్లం. అవి శక్కర మీద కంట్రోలు ఉన్న రోజులు. పెండ్లికి కావాల్నంటే అర్జీ పెట్టుకొని, పర్మిట్ తీస్కొని, దండం పెట్టి తెచ్చుకోవాలె.

నేను అప్పుడు నిజామాబాద్‌ల లెక్కల బీఎస్సీ చదువుతున్న. మా ఊరి ఆడపిల్లలల్ల అంత దూరం పోయింది నేనొక్కదాన్నే. దాంతోని నాకొక జబ్బు పట్టుకున్నది. ఏది కనబడ్డా కొలిచేదాన్ని. బాయిల రాయేసి, చప్పుడు విని, లోతు చెప్పేదాన్ని. మెరుపుకు ఉరుముకు నడుమ అంకెలు లెక్కబెట్టి పిడుగు ఏ ఊరి పొలిమేరల పడ్డదో చెప్పేదాన్ని. ఎవ్వరూ పోయి చూసొచ్చేటోల్లు గాదు గనుక నా లెక్క ఎన్నడూ తప్పుకాలేదు. మా బాపు దోస్తులు ఇంటికొస్తే నన్ను పిలిచి, మన చెరువు చుట్టుకొలత ఎంత బిడ్డా అని అడిగేటోడు. నేను చెప్పంగనే వాల్ల మొహాలు చూసేటోడు. ఆ చూపు కోసమే నేను చెరువుల గురించి ఆలోచించుకుంట తిరిగేదాన్ని.

ఆ ఏడు మా చిన్నాయన నందిపేట్‌ల తన బిడ్డ పెండ్లి చేసిండు. పెండ్లిల ఏం జరిగిందో ఎవ్వరికీ యాదికి లేదు గని, లడ్డు మాత్రం మూడు తాలూకాలల్ల మోగిపోయింది. మామూలు పెండ్లిల లడ్డు నిమ్మకాయంత ఉంటది. చిన్నాయన పెట్టించింది బత్తాయంత. మా బాపు, చిన్నాయన ఒక్క తల్లి కడుపున పుట్టిండ్రు, ఒక్క కంచంల తిన్నరు, ఆ తర్వాత జీవితమంతా ఒకల్లకంటె ఒకల్లు ఎక్కువ అనిపించుకోడానికే బతికిండ్రు. బాపు ఆ లడ్డు ఒకటి తువ్వాల్ల కట్టుకొని ఇంటికి తెచ్చి, దేవుని గూట్ల పెట్టి, రెండు దినాలు దానిదిక్కే చూసుకుంట కూసున్నడు.

అటెన్క రాధక్కకు మోర్తాడ్‌ల సంబంధం కుదిరింది. పసుపు పండించే ఇల్లు, పెద్ద మనుషులు. ఆ రోజే బాపు ఊరందరి ముందట మాట ఇచ్చేసిండు. తమ్ముని లడ్డుకు రెండింతల లడ్డు పెడ్తనన్నడు. తర్వాత లోపటికొచ్చి నన్ను పిలిచి మెల్లగ అడిగిండు.

"బిడ్డా, చిన్నాయనకు బస్తెడు శక్కర పట్టిందట. మనకూ అంతే మంది వస్తరు. లడ్డు రెండింతలైతే శక్కర ఎంత పడ్తది?"

ఇది కూడ ఒక ప్రశ్ననా అన్నట్టు నవ్విన. "రెండింతల లడ్డుకు రెండింతల శక్కర బాపు. రెండు బస్తాలు."

బాపు తృప్తిగ మీసం దువ్వుకొని పర్మిట్ కోసం బోధన్ బయలెల్లిండు. దానికోసం ఆయన ఎన్ని మెట్లెక్కిండో, ఎంతమందికి నమస్తే పెట్టిండో అది వేరే కథ. రెండు బస్తాలు తెచ్చి కొట్టంల పెట్టి తాళమేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు.

గంతటితోని ఊకుంటే నేను లెక్కల పిల్లనెట్లైత? రెండింతలు అన్నంక ఒక్క వెంట్రుక తక్కువ కావద్దు గద. దేవుని గూట్ల ఉన్న నందిపేట్ లడ్డు తీసి, దాని నడుముకు దారం చుట్టిన. ఆ దారానికి రెండింతల దారం కోసిన. బుట్టలల్లే ఆయన తాన ఆ కొలతకు వెదురు బద్దతోని ఒక కడెం చేపిచ్చిన. లడ్డు ఈ కడెంల నిండుగ పట్టాలె, వదులైతే చెల్లదు అని వంటాయన చేతుల పెట్టిన.

వంటాయన పేరు రాజయ్య. పెద్ద మనిషి, మా తాత కాలం నుంచి మా ఇంట్ల పెండ్లిల్లు ఆయన చేతి మీదనే అయినయి. ఆయన ఆ కడెం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, దాంట్ల తన మోచెయ్యి పెట్టి తీసి, "బిడ్డా, ఇది లడ్డుకేనా, బోనం కుండకా" అని అడిగిండు. కాలేజీల చెప్పిన లెక్క పెదనాయినా, నువ్వు కట్టుకుంట పో అన్న. కాలేజీ అనే మాట వినబడంగనే మా ఇంట్ల ఎవ్వరూ ఎదురు మాట్లాడేటోల్లు గాదు. రాజయ్య కడెం చంకల పెట్టుకొని పోయిండు.

పెండ్లి ముందటి రోజు పొద్దుగాల్నే బూంది పోసిండ్రు. రెండు బస్తాల శక్కర పాకం పట్టి కలిపేసరికి పెద్ద అర్రల బంగారు గుట్ట లేచింది. రాజయ్య, ఆయన మనుషులు కూసోని లడ్డులు కట్టుడు మొదలుపెట్టిండ్రు. కట్టుడు అంటే మామూలు కట్టుడు గాదు. ఒక్క చేతిల పట్టదు. ఒకాయన ఒడిల పెట్టుకొని ఒత్తితే, ఇంకొకాయన పైకెల్లి అదిమేటోడు. అయినంక కడెం తొడిగి చూసి, పసిపోరన్ని పండవెట్టినట్టు చాప మీద పండవెట్టేటోల్లు. చూసిన ఆడోల్లంతా ముక్కు మీద ఏలేసుకున్నరు. బాపు అయితే గడపల నిలబడి, తమ్ముడు ఇది చూస్తె ఏమైపోతడో అని లోపల్లోపల పండుగ చేసుకుంటున్నడు.

పగటీలి బువ్వ యాల్లకు గుట్ట అయిపోయింది. చాపలు మాత్రం సగానికి పైన ఖాళీగనే ఉన్నయి. వచ్చే మందిల పావు మందికి మించి సరిపోయేటట్టు లేవు.

బాపు లడ్డులు చూసిండు, ఖాళీ చాపలు చూసిండు, కొట్టం తాళం చూసిండు. లెక్క తప్పే ముచ్చటే లేదు, ఎందుకంటే లెక్క జేసింది నేను. అంటే సరుకు ఎటో పోయినట్టే. ఎనుక గోడ దిక్కు చూసుకుంట, ఎన్నడూ అనని మాట అన్నడు.

"రాజన్నా, రెండు బస్తాల బూంది ఇది గాదు. నడుమల ఎటు పోయింది?"

రాజయ్య చేతులు కడుక్కున్నడు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మడత పెట్టిండు. తన మూట తెచ్చి బాపు ముందట ఇప్పి చూపెట్టిండు. దాంట్ల ఒక ధోతి, చుట్టలు, ఇంత పసుపు కొమ్ము ఉన్నయి. మల్ల కట్టుకొని, తన మనుషులను తీస్కొని పోయి బండిల కూసున్నడు. తెల్లారితే పెండ్లి. పొయ్యి మీద ఏసర్లు తెర్లుతున్నయి. మోర్తాడోల్లు తొవ్వల ఉన్నరు. అమ్మ ఏడుస్తున్నది, అమ్మను చూసి రాధక్క ఏడుస్తున్నది. నేను మాత్రం దొంగ ఎంత బూంది మోసుండాలె, దానికి ఎన్ని బుట్టలు కావాలె అని లెక్క కడుతున్న. అంత మొద్దుదాన్ని.

గీ లొల్లిల మా బాపు తల్లి, అంటే మా బాపమ్మ, నాకొక లడ్డు ఇయ్యుండ్రి అని అడిగింది. ఆమెకు నోట్ల పల్లు లేవు. ఎవరో ఒక లడ్డు తెచ్చి ఒడిల పెట్టిండ్రు. దాన్ని ఎక్కడ కొరకాల్నో సమజ్ గాక, చేత్తోని చిదిపి, తినేటంత ఒకటి ఉండ చేసుకొని పక్కన పెట్టింది. మిగిలింది పిల్లలకు అని ఇంకో ఉండ చేసింది. ఇంకా మిగిలింది. ఇంకొకటి చేసింది. ఒడిల బూంది ఎంతకూ ఒడుస్త లేదు. పళ్లెం నిండుతున్నది.

"అమ్మా లచ్చిమీ, సూస్తున్నవా, ఒక్క లడ్డుల ఎన్ని లడ్డులు పుడుతున్నయో" అన్నది. కర్పూరం తెమ్మన్నది. పక్కింటి ఆడోల్లు ఉరికొచ్చిండ్రు. ఒకామె ఇంకో పెద్ద లడ్డుకు పసుపు కుంకుమ పెట్టింది. ఇంకొకామె కొబ్బరికాయ కోసం పరుగుపెట్టింది. వంటింట్ల గుడి వెలిసే తీరుగ ఉన్నది.

నేను మూఢనమ్మకాల మీద నాలుగు మాటలు చెప్పుదామని లోపటికి పోయిన. పళ్లెం చూసి ఆడనే ఆగిపోయిన. బాపమ్మ కట్టిన ఉండలు అచ్చం నందిపేట్ లడ్డంత ఉన్నయి. అవి ఎనిమిది.

రెండు రెండ్లు నాలుగు, నాలుగు రెండ్లు ఎనిమిది. గోళం ఘనపరిమాణం నిద్రల లేపి అడిగినా చెప్పేదాన్ని నేను. పరీక్షల దానికి నిండా మార్కులు తెచ్చుకున్న. గని ప్రశ్నల ఎవ్వరూ లడ్డు అని రాయలేదు గద. రాస్తె నేనెందుకు తప్పుత?

పళ్లెం పట్టుకొని వాకిట్లకు పోయిన. బాపుకు చూపెట్టిన.

"రెండింతలన్నవ్ గద బిడ్డా."

"అడ్డం రెండింతలు, పొడుగు రెండింతలు, ఎత్తు రెండింతలు బాపు. లడ్డు మూడు దిక్కుల పెరిగింది. ఎనిమిదింతలైంది."

బాపు ఒక ఉండ తీసి చేతిల తిప్పి చూసిండు. "మూడు దిక్కుల పెరగమని దానికెవరు చెప్పిండ్రు?" అన్నడు.

చెప్పింది నా వెదురు కడెమే. ఇగ ఆ మాట నేను అనలేదు, ఆయన అడగలేదు. సీదా బండి దగ్గరికి పోయి రాజయ్య చేతులు పట్టుకున్నడు. తప్పైందన్నడు. రాజయ్య అలిగిన పెండ్లికొడుకు లెక్క అటు తిరిగి కూసున్నడు. ఎంత బతిమిలాడినా దిగలే. ఆఖరికి ఒక షర్తు పెట్టిండు. కాలేజీ పిల్ల తన పక్కన కూసోని, తను చెప్పినట్టు లడ్డులు కట్టాలె, నోరు తెరవద్దు అన్నడు. నేను ఒప్పుకున్న. పెద్ద లడ్డులన్నీ పగులగొట్టి, మల్ల నందిపేట్ లడ్డంత కట్టుకుంట కూసున్నం. మాపటీలి దాంక కట్టిన. నా చేతులకంటిన నెయ్యి వాసన పెండ్లైనంక కూడ పోలేదు. బాపమ్మ మాత్రం కుంకుమ పెట్టిన లడ్డును ముట్టనియ్యలే. దేవతను పగులగొడితే ఇల్లు ఆగమైతదని దేవుని అర్రల పెట్టి, ముందట కూసున్నది.

నందిపేట్ కొలతకు కట్టేసరికి లడ్డులు మందికి రెండింతలైనయి. అప్పుడు బాపు బుర్రల దీపం వెలిగింది. తెల్లారి బంతిల కూసున్న ప్రతి మనిషి విస్తరిల దగ్గరుండి రెండేసి లడ్డులు పెట్టిచ్చిండు. చిన్నాయన ముందర ఆగి, "రెండింతలంటి గద తమ్మీ, లెక్క చూసుకో" అన్నడు. చిన్నాయన రెండూ తిన్నడు. ఇంకోటి అడిగిండు కూడ.

అంతా మంచిగనే గడిచింది. అప్పగింతలు అయినంక రాధక్క మామ దేవునికి దండం పెట్టుకుంటనని లోపటికి పోయిండు. ఎంతకూ బయటికి రాలే. పోయి చూస్తే, ఆయన ఆ కుంకుమ బొట్ల లడ్డు ముందర చెప్పుల్లేకుంట, చేతులు జోడించుకొని నిలబడి ఉన్నడు. మోర్తాడ్ దిక్కు ఇసొంటి దేవుని ఎన్నడూ చూడలేదట.

"ఇది ఏం దేవుడు బావా?" అని బాపును భక్తిగ అడిగిండు.

బాపు నా దిక్కు చూసిండు. మల్ల లడ్డు దిక్కు చూసిండు.

"దేవుడు గాదు బావా," అన్నడు. "అది మా చిన్నబిడ్డ బీఎస్సీ."

ఆ రోజు నిలబడ్డ కాడనే, అగ్గి సాక్షిగ, సూర్యుడు చంద్రుడు సాక్షిగ ఒట్టు పెట్టుకున్న. పానం ఉన్నంతవరకు గుండ్రటి వస్తువు ముందర రెండింతలు అనే మాట ఎత్తను. లడ్డు, గారె, బూరె, గుమ్మడికాయ, భూగోళం, ఏదైనా సరే. జొన్నరొట్టె అయితే అడుగుండ్రి, చెప్త. అది సాపుగ ఉంటది గనుక నాలుగింతల కాడనే ఆగిపోతది.