మా ఇంటి బ్లైండ్స్ మూసిన రోజు

పక్కింటి పెద్దాయన పోయారన్న కబురు నాకు ఫోన్‌లో తెలిసింది. మా వీధి వాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టిన రెండు వాక్యాల మెసేజ్. అప్పుడు నేను వంటింట్లో నిలబడి, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన మామిడాకులను తడిగుడ్డలో చుడుతున్నాను. కిటికీలోంచి ఆయన ఇల్లు కనిపిస్తూనే ఉంది. రెండిళ్ళకీ మధ్య మంచు కప్పిన గడ్డి తప్ప గోడ కూడా లేదు. అయ్యో అనుకున్నాను, నిజమే. కానీ ఆ వెంటనే నా మనసులో మెదిలిన మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. శనివారం మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. ‘ఇప్పుడేనా’ అనుకున్నాను.

డెట్రాయిట్ పక్కన నోవైలో ఈ ఇల్లు కొన్న మొదటి చలికాలంలోనే ఆయన పరిచయమయ్యారు. కుర్రతనంలో ఐర్లండ్ నుంచి వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఇన్నేళ్ళున్నా డెట్రాయిట్ గురించి ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. ఏం మాట్లాడినా వాళ్ళ ఊరే. ఆ ఊరికి పేరుంది గానీ ఆయన ఎప్పుడూ “ఊళ్ళో” అనే అనేవారు, లోకంలో ఇంకో ఊరు లేనట్టు. ఆయన ఇంగ్లిష్ నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. మిగతా సగానికి నవ్వి ఊరుకునేదాన్ని.

ఒకసారి మంచు తీస్తూ తీస్తూ ఆగి, పార తిరగేసి, దాని పిడితో మా డ్రైవ్‌వే మీదున్న మంచులో ఆ ఊరంతా గీశారు. ఇదిగో నది, దాని మీద రాతి వంతెన. వంతెన దాటగానే పిండిమిల్లు, ఇప్పుడు పావురాలు తప్ప ఎవరూ లేరు. ఇది పెద్దవీధి, ఆ చివర బజారు. సంతరోజున పశువులన్నీ ఇక్కడే. ఇక్కడ కప్పు కూలిపోయిన పాత మఠం, అక్కడ దొరల కోట. కోటలో కాకులున్నాయట. “దొరల కన్నా నయం. అద్దె అడగవు” అన్నారు. రైలు కూడా ఉండేదట. పట్టాలు పీకేశాక ఆ దారిన ఆవులు నడుస్తున్నాయని, అవి రైలు కన్నా టైముకి వస్తాయని చెప్పారు.

ఆ మంచు పటం మీద నేను కారు పోనిచ్చి ఆఫీస్‌కి వెళ్ళాల్సి వచ్చింది. “ఫర్వాలేదు, ఇంగ్లిష్ వాళ్ళు అంతకన్నా ఎక్కువే తొక్కారు” అని చెయ్యూపారు.

నన్నూ వదిలేవారు కాదు. మా ఊళ్ళో నది ఏమిటి, అన్నిటికన్నా పాత కట్టడం ఏది, ఎవరు కట్టారు అని అడిగేవారు. మాది గుంటూరు జిల్లాలో కాలవ పక్క ఊరు. చరిత్రేమీ లేదండీ అన్నాను ఒకసారి. ఆయనకి నిజంగా కోపం వచ్చింది. “పెద్ద ఊళ్ళ చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. చిన్న ఊళ్ళది మనుషుల నోట్లో ఉంటుంది. నువ్వు నోరు మూసుకుంటే మీ ఊరు పోయినట్టే” అన్నారు. ఆ రాత్రే మా నాన్నకి ఫోన్ చేసి కాలవ ఎవరు తవ్వించారో అడిగాను.

నేను పెట్టే అల్లం టీని ఆయన సూప్ అనేవారు. టీ అంటే వాళ్ళమ్మ పెట్టినట్టు, పైన ఎలుక నడిచినా మునగనంత చిక్కగా ఉండాలట. తిట్టుకుంటూనే రెండో కప్పు కూడా తాగేవారు.

ఒక్క విషయం మాత్రం నవ్వకుండా చెప్పారు. బంగాళాదుంప పంట కుళ్ళిపోయిన కరువు కాలం గురించి. ఊరి చివర అనాథల కోసం కట్టిన పెద్ద రాతి భవనం, దాని వెనక శవాలు పూడ్చిన, ఇప్పటికీ ఎవరూ దున్నని పొలం. ఆ రోజుల్లో ఒకే శవపేటిక ఉండేదట, అడుగున తలుపులా తెరుచుకునేది. మనిషిని గోతిలో దించేసి, దాన్నే ఇంకొకరి కోసం వెనక్కి తెచ్చేవారట. వెనకాల నడవడానికి ఒక్కరికీ ఓపిక లేదు, అసలు నడిచేవాళ్ళు మిగల్లేదు. “అందుకే ఆ తరవాత మా ఊళ్ళో ఎవరు పోయినా అందరూ నడుస్తారు. పడనివాళ్ళు కూడా. పిలవరు. పిలిస్తే అవమానం” అన్నారు.

ఇది విన్నదాన్ని నేను. విని కూడా వెళ్ళలేదు.

ఆయన కోరిక ప్రకారం గురువారం రాత్రి ఆయన్ని ఇంట్లోనే ఉంచారు. శుక్రవారం పొద్దున చర్చికి తీసుకెళ్తారని, వీధి మలుపు దాకా అందరం వెనకాల నడుస్తున్నామని గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా ఆయన “వెళ్ళొచ్చి తలస్నానం చేస్తే సరిపోతుందిగా” అన్నారు.

“అత్తయ్య ఒప్పుకోరు. శుభకార్యం పెట్టుకుని చావింటికి వెళ్తే ఊరుకుంటారా? మైల అంటారు. మొత్తం ఫంక్షన్ క్యాన్సిల్ చేయమంటారు” అన్నాను.

“అడిగావా?”

“అడగక్కర్లేదు, నాకు తెలుసు.”

అడగలేదు. చావు కబురే ఆవిడకి చెప్పలేదు. మనవరాలి ఓణీల కోసమని ఇండియా నుంచి వచ్చిన మనిషి, కంగారు పెట్టడం ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి హాల్ బుక్ చేశాను, కేటరింగ్‌కి చెప్పాను, నూట యాభై మందిని పిలిచాను. ఏ అపశకునమూ నా దాకా రాకూడదనుకున్నాను. అంతే.

శుక్రవారం పొద్దున అత్తయ్య ముందు గదిలో కూర్చుని పసుపుకొమ్ములు ఏరుతున్నారు. వీధిలో నల్ల కారు వచ్చి ఆగడం చూశాను. “మంచు మీద ఎండ పడి కళ్ళు జిగేల్‌మంటున్నాయి అత్తయ్యా” అంటూ ముందువైపు బ్లైండ్స్ అన్నీ దించేశాను. కింద గదివి, పైగదులవి, ఒకటి కూడా వదల్లేదు. తరవాత మేడ మీదకి వెళ్ళి దొంగలా సందులోంచి చూశాను. వీధి వాళ్ళంతా కోట్లు వేసుకుని కారు వెనకాల నడుస్తున్నారు. ఆయనతో పార్కింగ్ విషయంలో గొడవపడ్డ ఎదురింటాయన కూడా ఉన్నాడు. ఆయన భార్య, పెద్దావిడ, మా ఇంటి ముందుకి రాగానే ఒక్క క్షణం ఆగి, తలెత్తి మా కిటికీలన్నీ చూసింది. నేను గోడ చాటుకి జరిగాను.

ఫంక్షన్ బాగా జరిగింది. అందరూ బాగుందన్నారు.

తరవాతి వారం పెద్దావిడ మా తలుపు తట్టింది. చేతిలో గుడ్డ చుట్టిన వేడి రొట్టె. ఎందుకు రాలేదని అడుగుతుందనుకుని జవాబులు వెతుక్కుంటున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“నీకు థాంక్స్ చెప్పాలని వచ్చాను. ఊళ్ళో శవం పెద్దవీధిలో వెళ్తుంటే ప్రతి ఇల్లూ, ప్రతి కొట్టూ కిటికీ తెరలు దించేస్తాయి. అదే మా మర్యాద. ఈ దేశంలో ఎవరికీ తెలీదు. వీధి మొత్తంలో మీ ఇల్లొక్కటే దించింది. ఆయన నీకు చెప్పి ఉంటారు.”

ఆయన నాకు చెప్పలేదు. ఆ మాట అనాల్సింది. తలూపాను. అవునన్నట్టు ఊపాను.

వెనక నుంచి అత్తయ్య వచ్చారు. “ఏమంటోందమ్మా ఆవిడ?”

“ఊరికే, పలకరించడానికి వచ్చారు.”

“మరి ఆ కళ్ళేమిటి అలా ఉన్నాయి? పెద్దాయన ఏరి?”

ఇంక దాచడానికి ఏమీ లేదు. పోయారని చెప్పాను. ఎప్పుడని అడిగితే అదీ చెప్పాను. అత్తయ్య నా మొహంలోకి ఒకసారి చూసి, ఆ రోజు నేను దించిన బ్లైండ్స్ వైపు చూశారు. వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ ఏడుస్తుంటే ఈవిడ వీపు నిమురుతూ కూర్చున్నారు. నేను టీ పెట్టడానికి వెళ్ళి స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య అడిగారు. “నా పేరు చెప్పి ఆగావా?”

తల కొట్టేసినట్టయింది.

“పెళ్ళికి పిలిస్తే వెళ్తాం. చావుకి పిలుపేవిటే? రెండు చెంబులు నెత్తిన పోసుకుంటే పోయే మైల అది. మీ మామగారు పోయిన రోజు వాకిట్లో ఎవరెవరు నిలబడ్డారో నాకిప్పటికీ గుర్తు. రానివాళ్ళు అంతకన్నా గుర్తు.”

వెళ్ళి ఆవిడతో నిజం చెప్పేస్తానన్నాను. అత్తయ్య వద్దన్నారు. “ఇప్పుడు చెబితే నీకు తేలిక, ఆవిడకి బరువు. నువ్వే మోసుకో.”

మోస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా ఆవిడ చదవలేని భాషలోనే కదా. అది కూడా ధైర్యమేమీ కాదు.

మన మాసికంలాగే వాళ్ళకీ మనిషి పోయిన నెల రోజులకి ఒక ప్రార్థన ఉందట. దానికి ఆవిడ ఐర్లండ్‌లో వాళ్ళ ఊరు వెళ్ళొచ్చింది. మొన్న మా ఇంటికి వచ్చి, అక్కడ చర్చిలో ఫాదర్ మా ఇంటి గురించి అందరికీ చెప్పారని చెప్పింది. ఎక్కడో మిషిగన్‌లో ఒక ఇండియన్ కుటుంబం మన మనిషి కోసం తెరలు దించిందని. జనమంతా తలలు వంచారట. పిండిమిల్లు పక్కనున్న ఆయన చెల్లెలు మా అమ్మాయి కోసం ఊలుతో ఒక శాలువా అల్లి పంపింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత మెత్తగా ఉందో, అంత సిగ్గేసింది.

ఆవిడ లేస్తూ అడిగింది. “నేను పోయినప్పుడు కూడా అలాగే దించుతావు కదా?”

“లేదండీ. నేను నడుస్తాను. మీ వెనకాల నడుస్తాను.”

ఆవిడ నా మొహం వంక కాసేపు చూసింది. ఏం అర్థమైందో, ఏం అర్థం కాలేదో నాకు తెలీదు. కోటు బొత్తాలు పెట్టుకుంటూ, “అయితే మంచి బూట్లు వేసుకో. ఆ మలుపు దగ్గర బాగా జారుతుంది” అంది.

బయట సన్నగా మంచు పడుతోంది. ఆవిడ గడ్డి మీదుగా అడ్డంపడి తన ఇంటికి నడిచింది, మెల్లగా, ఒక చెయ్యి పక్కకి చాపి, పట్టుకోవడానికి అక్కడ ఎవరో ఉన్నట్టు. నేను చెప్పుల్లేకుండానే గుమ్మం దిగాను.