ఓవర్‌క్లాకింగ్ గదిలో చుట్టాలు

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. పని తొందరగా తెములుతుందని మొన్న నా డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేశాను. అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించడం. పరిగెత్తితే వేడెక్కుతుంది కాబట్టి పెద్ద కూలర్ బిగించాను. అమలాపురం ఉక్కపోతకి అదీ చాలక గదికి ఏసీ పెట్టించాను.

ఈ మధ్యాహ్నం ఒక పెళ్లికూతురి తండ్రి, సత్యంగారు, వీడియో అయిందేమో కనుక్కుందామని చుట్టాలందరితో వచ్చారు. పూతరేకులు కూడా తెచ్చారు. అందరూ ఏసీ గదిలోనే సర్దుకున్నారు. మా ఆవిడ మంచినీళ్లకోసారి, కాఫీకోసారి తలుపు తీసింది. గది వెచ్చబడింది. వీడియో ఇంకాస్తలో పూర్తవుతుందనగా కంప్యూటర్ వేడికి తట్టుకోలేక ఆగిపోయింది.

"ఏవండీ, ఆగిపోయిందాండీ?" అన్నారు సత్యంగారు.

"ఆయ్. గది కాస్త వేడెక్కిందండి."

"అయ్యో! అది చల్లబడేదాకా ఇక్కడే కూర్చుంటామండి. మాకేం తొందర లేదు."

మీరు లేస్తే చాలండీ అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. తీరా బయటికొచ్చింది మాత్రం, "భోంచేసి వెళ్దురుగానండి."

చివరికి ప్రాసెసర్‌ని పాత వేగానికే దించి, వీడియో మళ్లీ మొదలుపెట్టాను. వాళ్లింకా ఏసీలోనే ఉన్నారు. నేను వరండాలో విసనకర్రతో కూర్చుని ఇది రాస్తున్నాను.

ప్రాసెసర్ వేగం తగ్గించడం నాకు తెలుసు. మా కోనసీమ మర్యాద వేగం ఎక్కడ తగ్గించాలో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. ఆయ్, తొందరేం లేదండి.