గుట్ట ఎక్కని పెద్ద టైర్ల బండి

ఎనభైల నడుమ ఒక వేసవిలో, నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చిన మర్నాడే భద్రాచలం అవతలి చర్లకు బయల్దేరాను. మా తమ్ముడు సుధాకర్ అక్కడ పికప్ బండి నడిపేవాడు. సంతలకు, అడవి గూడేలకు సామాన్లు తోలడం వాడి పని. వాడు ఖమ్మంలో మా ఇంటికి వచ్చి పది నెలలైంది. ఉత్తరం రాస్తే రెండు ముక్కల జవాబు. "ఒకపారి పోయి సూసిరా బిడ్డా, వానికేమైందో" అని అమ్మ రోజూ పోరుతుంటే, వస్తున్నానని కార్డు రాసిపడేసి రైలెక్కాను.

ఖమ్మంలో పొద్దున అయిదూ నలభైకి ప్యాసింజరు. డోర్నకల్‌లో దిగి కొత్తగూడెం బండి మారాలి. కొత్తగా వెళ్లేవారికి ఒక మాట. 'భద్రాచలం రోడ్' అని బోర్డున్న స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. నా ఎదుట కూర్చున్న గుంటూరు దంపతులు అది తెలియక దిగి, "గోదారేదండీ? కనపడదేం?" అని నన్నే అడిగారు. బస్సులో ఇంకో గంటన్నర ఉందంటే ఆవిడ మొహం చూడలేకపోయాను.

పన్నెండున్నరకు భద్రాచలం బస్టాండులో దిగాను. సుధాకర్ కనిపించాడు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పెరిగి, మా వాడేనా అనిపించింది. వాడి వెనక ఉన్న బండిని చూసి ఇంకా బిత్తరపోయాను. బండి పాతదే, చక్రాలు మాత్రం వేరు. ఎక్కడో లారీ నుంచి ఊడదీసి తగిలించినట్టు ఎత్తుగా, మడ్డిగార్డులను ఒరుసుకుంటూ ఉన్నాయి. ఎక్కడానికి వాడు నా చెయ్యి పట్టి పైకి లాగాల్సి వచ్చింది.

"ఇదేందిరా గిట్లున్నది?"

"పెద్ద టైర్లు ఏయించిన అక్కా. వాగులు దాటనీకి" అన్నాడు, అంతే.

హోటల్లో భోజనం చేసి ఒంటిగంటన్నరకు కదిలాం. కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ముప్ఫై రాళ్లు దాటాక మీటరు చూస్తే ఇరవై అయిదు తిరిగింది. "మీటరు ఖరాబైంది" అన్నాడు సుధాకర్. సాయంత్రం చర్లలో వాడి కిరాయి గదికి చేరాం. ఇంటికి ఎందుకు రావట్లేదురా అని అడిగితే, పొద్దున్నే లోడుందని ముసుగు తన్ని పడుకున్నాడు.

మర్నాడు ఏడింటికి గుట్ట మీది గూడేనికి బియ్యం, ఉప్పు, ఇంటి కప్పు రేకులు తోలాలి. నేనూ వస్తానన్నాను. ఆ గూడెం వాళ్లే, కన్నయ్య, అతని భార్య రామక్క, సంతకు వచ్చి తిరిగి వెళ్తున్నారు. రామక్కకు ఏడో నెల. ఆమెను నా పక్కన ముందు కూర్చోబెట్టి, కన్నయ్య వెనక బస్తాల మీద కూర్చున్నాడు. దారిలో అడవి ఎండిపోయి, ఆకులు రాలి దూరందాకా కనిపిస్తోంది. వాగులో మోకాలెత్తు నీళ్లు. బండి అందులోంచి ఏమీ లేనట్టు నడిచిపోయింది. నేను మెచ్చుకోబోయాను.

వాగు దాటగానే ఎత్తు మొదలైంది. సుధాకర్ నాలుగు చక్రాలూ గుంజే గేరు వేశాడు. బండి సగం దాకా మూలుగుతూ ఎక్కింది. మొదటి గేరులోకి వచ్చాడు. ఇంజను వణికింది, దగ్గింది, ఆగిపోయింది. బ్రేకు మీద వాడి కాలు చివరిదాకా ఉంది, అయినా బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

రామక్క నా చెయ్యిని గోళ్లు దిగేలా పట్టుకుంది. కన్నయ్య వెనక నుంచి దూకి ఒక రాయి ఎత్తి చక్రం కింద వేశాడు. ఆ ఎత్తు టైరు రాయిని ఎక్కి అవతలికి దిగిపోయింది. సుధాకర్ స్టీరింగు మొత్తం తిప్పేశాడు. బండి వెనక భాగం మట్టిగట్టుకు ధన్‌మని గుద్దుకుని ఆగింది. దిగి చూస్తే పది గజాల వెనక దారి వంపు తిరుగుతోంది. వంపు పక్కన లోయ, అడుగున మేం దాటి వచ్చిన వాగు.

రామక్కను నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, బిడ్డ కదిలిందని తల ఊపింది. అప్పుడు నా కోపం కట్టలు తెంచుకుంది. "ఎవడు పెట్టమన్నడురా నీకు ఈ టైర్లు! అందరం చచ్చెటోళ్లం గదా!" అని అరిచాను. వాడు చక్రాల కింద రాళ్లు పేర్చసాగాడు.

జవాబు కన్నయ్య చెప్పాడు.

"ఆయన్ను తిట్టకమ్మా. పోయిన వానలల్ల దీనికి నొప్పులొస్తే గీ బండిల్నే దవాఖానాకు తీస్కపోయిండు. వాగుల చక్రాలు దిగబడ్డయ్. రెండు గంటలు గుంజినం. ఇది దక్కింది. బిడ్డ దక్కలే. గప్పటిసంది ఆయన అన్నం సక్కగ తినలే. గీ పెద్ద టైర్లు తెచ్చి ఏసిండు."

పది నెలలుగా మేం వాడిని మనుషులను మరచినవాడని అనుకున్నాం. అమ్మతో ఆ మాట అన్నది నేనే.

"ఏ మొఖం పెట్టుకొని రావాలక్కా?" అన్నాడు వాడు. "మల్ల వానలొస్తున్నయ్. ఈమెకు గప్పుడే నెలలు నిండుతయ్. చిన్న టైర్లేస్తే వాగు దాటదు. పెద్దవేస్తే గుట్ట ఎక్కదు."

సామానంతా గూడెం వాళ్లు తలల మీద మోసుకెళ్లారు. ఖాళీ బండిని మెల్లగా దించుకుని, మర్నాడు పదకొండింటికి కొత్తగూడెం చేరాం. బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఖాసిం భాయ్ షెడ్డు అక్కడుంది. ఆయన బండిని చూడగానే, "గిట్ల గుట్టలెక్కుతున్నవా? ఇన్ని దినాలు ఎట్ల బతికినవ్ర బై?" అన్నాడు.

పాత టైరొకటి బండిలోనే ఉంది. ఆయన దాన్నీ, కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి, సుద్దతో గీత గీసి, రెంటినీ సరిగ్గా ఒక్క చుట్టు దొర్లించాడు. పెద్దది దాదాపు మూరెడు ముందుకు పోయి ఆగింది.

"సూడు టీచరమ్మా. ఇంజను గదే. ఒక్క చుట్టుకు గీ మూరెడు ఎక్కువ గుంజాలె. బలం ఏడికెల్లి వస్తది? మీటరు గూడ గందుకే తక్కువ సూపెడుతది."

"అయితే పెద్ద టైరు వేసిన ప్రతి బండికీ గేర్లు మార్చాలా భాయ్?" అని అడిగాను.

"లే. టైరు రెండు వేళ్ల మందం పెరిగితే ఏం కాదు. సాఫు రోడ్డు మీద ఖాళీగ తిరిగెటోనికి గూడ నడుస్తది. గింత పెద్దయ్ ఏసి, లోడుతోని గుట్టలెక్కాలంటే బలం పెరిగేటందుకు ఇరుసుల గేర్లు మార్చాలె. ముందు ఇరుసుకు, ఎనక ఇరుసుకు, రెంటికీ ఒక్కతీరుగ. ఒక్కదానికే మారిస్తే లోపల గేర్ల పండ్లు ఇరుగుతయ్."

ఆయన షెడ్డులో విప్పి పడేసిన పాత బండ్ల నుంచి సరిపోయే రెండు జతలు దొరికాయి. పని రెండు రోజులు పట్టింది. నేను అక్కడి నేస్తురాలి ఇంట్లో ఉన్నాను. సుధాకర్ షెడ్డులోనే ఉండి, ప్రతి పన్ను చేత్తో తడిమి చూశాడు. బండి ఇస్తూ ఖాసిం భాయ్ హెచ్చరించాడు: "బ్రేకులు బిగించిన గని ఎనకటంత పట్టయ్. దిగేటప్పుడు చిన్న గేరులనే దిగు. జల్దీ పనికిరాదు."

మళ్లీ చర్ల, మళ్లీ వాగు, అదే ఎత్తు. ఈసారి ఉప్పు బస్తాలు నింపుకుని వెళ్లాం. నేను ముందే దిగి నడుస్తానన్నాను, నా ధైర్యం అంతే. బండి నా పక్క నుంచి మెల్లగా, ఆగకుండా, ఒక్క గొంతుతో పైకి పోయింది. పైన సుధాకర్ ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. గూడెంలోంచి వచ్చిన కన్నయ్య వాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం కొత్తగూడెంలో రైలెక్కాను. వానలు వెళ్లాక ఇంటికొస్తానని వాడు మాటిచ్చాడు. పెట్టెలో నా పక్కన కారేపల్లికి చెందిన ఒకావిడ కూర్చుంది. ఎక్కడి నుంచి వస్తున్నానో అడిగి తెలుసుకుని, "రాములోరి దర్శనం మంచిగయ్యిందా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారంలో ఎన్నిసార్లో భద్రాచలం మీదుగా పోయాను, గుడి వైపు తల తిప్పి కూడా చూడలేదు. లేదని చెప్తే ఆవిడ నమ్మలేకపోయింది.

"ఆడిదాంక పోయి, మరి ఏం సూసొచ్చినవమ్మా?"

"మా తమ్ముణ్ని."

"మంచిగున్నడా?"

కిటికీలోంచి పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వెనక్కి పోతున్నాయి.

"ఇప్పుడు మంచిగున్నడు" అన్నాను.