సారు తాగిండా

సింథటిక్ బయాలజీని నాకంటే బాగా చెప్పేవాళ్లు ఖమ్మంలో లేరని నా గట్టి నమ్మకం. జీవకణానికి కొత్త పని నేర్పే శాస్త్రం అది. దాన్ని జనంలోకి తీసుకెళ్లమని కాలేజీ వాళ్లు పంపితే, ములకలపల్లి దగ్గరి ఒక కోయ ఊరికి ఫ్లెక్సీతో సహా బయలుదేరాను. ఫ్లెక్సీ మీద కణం బొమ్మకంటే నా ఫోటో పెద్దది. కణం ఎలాగూ చిన్నదే కదా అని సరిపెట్టుకున్నాను.

నా మాటలు కోయ భాషలో చెప్పడానికి ఆ ఊరి అమ్మాయినే వెంట తీసుకెళ్లాను. డిగ్రీ ఆఖరి సంవత్సరం, నా విద్యార్థిని. హైదరాబాద్ ల్యాబ్‌లో వేసవి శిక్షణకు ఆమెకు నా సిఫారసు ఉత్తరం కావాలి, మర్నాడే గడువు. ఉత్తరం నా సంచిలోనే ఉంది. పని అయ్యాక ఇద్దామని ఆపాను. మాలాంటి పంతుళ్ల చేతిలో ఉత్తరం ఒక ముకుతాడు.

బడి వరండాలో అందరూ కూర్చున్నారు. పిండిని పులియబెట్టే ఈస్ట్‌కు కొత్త జన్యువు ఎక్కించి, ఆవు లేకుండానే పాలు ఎలా చేస్తారో గంటసేపు చెప్పాను. నా పది వాక్యాలు ఆమె నోట రెండయ్యేవి. పాపం, వాళ్ల భాషలో మాటలు తక్కువేమో అనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

చివర ఒక ముసలామె లేచి చాలాసేపు మాట్లాడింది. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఏమంటుందమ్మా?"

"మంచిగ చెప్పిండ్రు అంటుంది సార్."

లేచి దండం పెట్టాను. ఫోటో కూడా దిగాను.

తిరుగుదారిలో జీపులో అనుమానం పుట్టింది. మంచిగా ఉందనడానికి అంతసేపా? గుచ్చి గుచ్చి అడిగితే, కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"కొత్త చిక్కుడుకాయైనా, మామిడికాయైనా పండుగ చేసి, దేవరకు పెట్టి, పెద్దోళ్లు తిన్నంకనే మేం తింటం సార్. మరి గీ కొత్త పాలు ముందుగాల ఎవరు తాగిండ్రు, మీ సారు తాగిండా అని అడిగింది."

సారు తాగలేదు. సారు ఆ పాలను కంటితో కూడా చూడలేదు. ఇన్నేళ్లూ స్లైడ్ మీద బొమ్మ చూపించి పాఠం నడిపాడు. పరీక్షించడానికి కమిటీలు ఉంటాయని గొణిగాను.

"గా కమిటీ వాళ్లు తాగుతరా సార్?"

ఈ ప్రశ్న ముసలామెది కాదు, ఈమెదే. నేను మాట మార్చాను.

"ఆమె అడిగింది అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"సిలబస్‌ల లేనివి అడగొద్దని క్లాసుల మీరే అన్నరు కద సార్." ఆ వెంటనే మెల్లగా అంది. "లెటర్ ఇస్తరు కద?"

ఉత్తరం తీశాను. ఆమె గొప్పతనమని నేను రాసిన మొదటి మాట, "వినయం గల అమ్మాయి, ఎదురు ప్రశ్న వేయదు." ల్యాబ్‌కు పంపే పిల్లకు నేనిచ్చిన మెచ్చుకోలు అది! తల కొట్టేసినట్టయింది. ఆ జీపు కుదుపుల్లోనే పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను.

ఎందుకు కొట్టేస్తున్నానో చెప్పేలోపే, పక్కనుంచి చూస్తున్న ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయింది సార్. ఇంకోసారి అడగ."